దూలం మీద గౌరవం

ఏది ముందో ఏది వెనకో తారుమారు చేస్తానేమో వదినా, అయినా చెబుతాను.

పాత మండువా ఇంటి దూలం మీద మంగ అనే పిచ్చుక గుడ్లు పెట్టింది. వీరాచారి అనే వడ్రంగిపిట్ట ఆ దూలాన్ని ముక్కుతో తట్టి చూశాడు.

"ఈ కొస డొల్లయింది, మంగమ్మా. కింద ఊత పెట్టి, పుచ్చినంత మేర కోసి, కొత్త టేకు అతుకుదాం. నీ గూడు కదలదు."

దూలంలోంచి చెదపురుగుల పెద్ద ధర్మయ్య గుండెలు బాదుకున్నాడు. "తాతలనాటి దూలానికి రంపమా! పాతదంటే ఆ మాత్రం గౌరవం లేదా, ఆచారీ?"

"ధర్మయ్యగారిది ఎంత గొప్ప మనసు!" అంటూ మంగ ఆచారిని తరిమేసింది.

తొలి వానకే దూలం విరిగింది. గుడ్లన్నీ పగిలాయి. ధర్మయ్య గుమ్మం చెక్కలోంచి తల బయటపెట్టి సంతాపం చెప్పాడు. "ఈ గుమ్మాన్నయినా ఎవరూ ముట్టుకోకుండా కాపాడుకుందాం, తల్లీ."

వదినా, మిగతా పేర్లు ఓసారి సరిచూడు. ధర్మయ్య పేరు మాత్రం నాకు బాగా గుర్తు.