పీకిన ప్లగ్గు

"ఎవడో ట్రక్కు ప్లగ్గు పీకేశాడు!"

బయటి నుంచి వస్తూనే అరిచాడు గార్త్. మీసాల మీద మంచు గడ్డకట్టి ఉంది. వంటింట్లో బూట్ల తాళ్లు కట్టుకుంటున్న డోరీన్ చేతులు అక్కడే ఆగిపోయాయి.

"పీకేయడమేంటి? రాత్రి నువ్వే కదా పెట్టావు! కిటికీలోంచి చూశాను."

"పెట్టాను. ఇప్పుడు చూస్తే మంచులో పడుంది. ఇంజను బండరాయి అయిపోయింది."

మైనస్ ముప్పై ఎనిమిది. ఆ చలిలో ఇంజనుకున్న హీటరును ఇంటి కరెంటు ప్లగ్గులో పెట్టి రాత్రంతా వేడి తగలనివ్వకపోతే ఇంజనులో నూనె జిగురులా చిక్కబడుతుంది. తాళం తిప్పితే ట్రక్కు మూలుగుతుందే తప్ప లేవదు. డోరీన్ పదింటికల్లా ప్రిన్స్ ఆల్బర్ట్ పట్నంలో ఉండాలి. నర్సు సహాయకుల శిక్షణలో సీటు వచ్చింది. స్వయంగా వెళ్లి సంతకం పెట్టకపోతే అది ఇంకొకరికి పోతుంది. పది నెలలు అక్కడే హాస్టల్లో ఉండాలంటే మొదట్లో గార్త్ ఇల్లు పీకి పందిరేశాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, "సరే వెళ్లు, నేనే దింపుతా" అన్నాడు. ఆ మాటకి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పొరపాటున నేనే స్విచ్ ఆపానేమో!" అంది డోరీన్ గాభరాగా.

బయటి ప్లగ్గుకు కరెంటిచ్చే స్విచ్ ఇంటి లోపల తలుపు పక్కన, వరండా దీపం స్విచ్‌ను ఆనుకునే ఉంటుంది. ఒకటి అనుకుని ఒకటి ఆర్పేస్తారని, చలి మొదలవగానే దాన్ని ఆన్ చేసి పైన టేపు అంటించేయడం ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఈసారి అంటించింది డోరీనే.

"టేపు అలాగే ఉందిగా! కళ్లు కనబడట్లేదా?"

నిజమే. నడవా మసక వెలుతురులో టేపు కనిపిస్తూనే ఉంది.

"ఇంకెవరు? పక్కింటి ఒరెస్ట్ గాడే. వాడి వాకిట్లోకి మంచు తోశానని వారం నుంచి కుతకుతలాడిపోతున్నాడు" అని గార్త్ మళ్లీ బయటికి పరిగెత్తాడు.

డోరీన్ వెనకాలే వెళ్లింది. గార్త్ తాళం తిప్పాడు. ట్రక్కు మూలిగింది. మళ్లీ తిప్పాడు. ఆ మూలుగూ లేదు. స్టీరింగు మీద పిడికిలితో గుద్ది, "నా పెళ్లాం నోటి దగ్గర కూడు లాగేశాడు, ముసలి వెధవ!" అన్నాడు. తన కోసం ఈ మనిషి ఇంత బాధపడతాడని డోరీన్ ఏనాడూ అనుకోలేదు. ఆ మంచులోనూ ఆవిడ గుండె కరిగింది.

ఆ గోలకి ఒరెస్ట్ తన ట్రక్కుతోనే వచ్చి ఆగాడు.

"ఏమ్మాయ్, లేవట్లేదా? ఎక్కు. నాది వేడిగానే ఉంది, పదింటికి దింపేస్తా."

"చేసేదంతా చేసి పెద్దమనిషి వేషమొకటా?" అని గార్త్ మీదికి వెళ్లాడు. "ప్లగ్గు పీకింది నువ్వు కాదూ?"

ఒరెస్ట్ మొహం మాడిపోయింది.

"నీకూ నాకూ పడదు, ఒప్పుకుంటా. కానీ ఈ చలిలో పగవాడి ప్లగ్గు కూడా ఎవడూ పీకడురా. అది పీక పిసకడంతో సమానం. నా మీద కోపం రేపు తీర్చుకుందువు గానీ, ముందు అమ్మాయిని పోనీ."

"ఎక్కవే, ఎక్కు!" అన్నాడు గార్త్ భార్యతో. "పెళ్లాన్ని దింపడం చేతకానివాడని నన్ను చూసి ఊరంతా నవ్వుకోనీ."

డోరీన్ ఒక అడుగు వేసి ఆగింది. భర్త ఎర్రబడ్డ కళ్లు చూసింది. ఒరెస్ట్ వైపు తిరిగింది. మాట తూటాలా వచ్చింది.

"పీకేదీ నువ్వే, ఎక్కించుకునేదీ నువ్వేనా? నీ మొహం చూడాలంటేనే అసహ్యంగా ఉంది. వెళ్లు ఇక్కణ్ణుంచి!"

ఒరెస్ట్ ట్రక్కు తిప్పుకుని వెళ్లిపోయాడు.

పది దాటాక ఫోను చేస్తే, సీటు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. డోరీన్ గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గార్త్ దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. "పోనీలే, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. తర్వాత నాలుగు గుడ్లు వేయించుకుని తిని, సోఫాలో పడుకుని గుర్రు పెట్టాడు.

పాపం, పొద్దున్నుంచి చలిలో నానా అవస్థా పడ్డాడు. సాయంత్రం పశువుల మేతకి మళ్లీ ట్రక్కు కావాలి. ఆ పనైనా తనే చేద్దామని డోరీన్ బయటికెళ్లి ప్లగ్గు గుచ్చింది. అలవాటుగా ఇంజను మూతకి చెవి ఆనించింది. హీటరు అందుకుంటే లోపల నీళ్లు కాగబోతున్న సవ్వడి రావాలి. ఎంతసేపు విన్నా ఏమీ లేదు.

లోపలికొచ్చి, నడవా దీపం వేసి, స్విచ్ దగ్గరికంటా వంగి చూసింది. తను అంటించిన టేపు ఈపాటికి మాసిపోయి, అంచులు లేచిపోయి ఉండాలి. ఇది నిగనిగలాడుతోంది. గోరుతో పట్టి లాగింది.

ఆర్పేసిన స్విచ్ మీద, అది కదలకుండా కొత్త టేపు రెండు వరసలు అంటించి ఉంది.