చెరిపినా మిగిలిన అడ్రసు

ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే ఒక సంస్థ కోసం మంగళగిరి ఆఫీసులో కంప్యూటర్లు సిద్ధమవుతున్నాయి. ఫైల్లో ఏది మార్చినా పాతది అలాగే ఉంచి, కొత్తది మరోచోట రాసుకోవడం వాటి పద్ధతి. దాన్ని ఆపగలమో లేదో నాగజ్యోతి పరీక్షిస్తోంది. అడ్రసు చెరిపి చుక్కలు పెడితే ఆ చుక్కలు డిస్కులో పాత అడ్రసు ఉన్నచోటే, దాని మీదే పడాలి.

ఫోల్డరు మొత్తానికీ ఆ పద్ధతి ఆపేసింది. అందులో కొత్తగా తయారుచేసిన ఫైళ్లు మాట విన్నాయి. ముందునుంచీ ఉన్న ఫైల్లో మాత్రం, చుక్కలు పెట్టాక కూడా డిస్కులో అడ్రసు దొరికింది. మూడుసార్లు చేసినా అంతే.

"కొత్తవాటికి పనిచేస్తోంది కదమ్మా, పాసని రాసెయ్. సాయంత్రానికి పంపాలి," అన్నాడు టీం లీడరు యలమంద.

"రాయనండి. పాతవన్నీ వేరే డిస్కుల్లో కొత్త ఫైళ్లలోకి ఎక్కించి, ఈ డిస్కులు పూర్తిగా తుడిచెయ్యాలి."

"రెండు రోజుల పని! చెరిపేసిన అడ్రసుల కోసం ఎవడు వెతుకుతాడు?"

నాగజ్యోతి లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది.

"మా ఆయన వెతికాడండీ. నా అడ్రసు చెరిపేశామనే చెప్పారు అప్పట్లో నాకు చోటిచ్చిన సంస్థవాళ్లు. వాళ్లు పారేసిన కంప్యూటర్లోంచి అది తీయించుకుని, కనిగిరి నుంచి వచ్చి నా తలుపు కొట్టాడు."

యలమంద సంస్థకు ఫోన్ చేసి, రెండు రోజులు ఆగమన్నాడు.