టోపీ తియ్యని మనిషి

“దిగు కిందికి,” అన్నాడు పోలీసు డిప్యూటీ స్ట్రౌడ్, శవాల బండి అద్దం మీద పిడికిలితో కొట్టి.

ఓజెల్ వెంటనే దిగలేదు. ముందు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కనబడనిచ్చాడు. తర్వాత ఒక చేత్తో మెల్లగా తలుపు తీశాడు. ఊళ్లో నల్లవాళ్లు ఎవరు పోయినా స్నానం చేయించి, సూటు తొడిగి సాగనంపేది అతనే. అరవై దాటాయి. నల్లకోటు ఇస్త్రీ మడత నలగలేదు. వెనక శవం పెట్టె. పక్క సీట్లో, పోయిన కుర్రాడి తల్లి ఎర్నెస్టీన్, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని, ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

“నా తప్పేంటి సార్?”

“వెనక లైటు వెలగట్లేదు.”

“పొద్దున పదిగంటలకి లైటెందుకు సార్?”

“నాకు పాఠాలు చెప్పకు ముసలోడా. శ్మశానం చర్చి వెనకాల ఉంటే వంతెన మీదికెందుకొచ్చావ్?”

“అవతల పనుంది సార్.”

“పని నీకా, పెట్టెలో వాడికా?”



ఆ పనేమిటో స్ట్రౌడ్‌కు తెలుసు. వంతెన దాటితే వేరే జిల్లా, అక్కడ తన మాట చెల్లదు. ఇంకో రెండు గంటలు పోతే పట్నం. ఆ పట్నంలో, పోలీసుల మాట వినని ఒక డాక్టరు శవాన్ని మళ్లీ కోసి చూస్తానని ఈ తల్లికి మాటిచ్చాడట. కుర్రాడు లమార్ లాకప్పులో కాలుజారి పడి చచ్చాడని కాగితం రాసింది స్ట్రౌడే. కాలుజారినవాడి మెడ మీద వేళ్ల గుర్తులేమిటని ఆ డాక్టరు అడిగితే, ఉద్యోగం పోవడంతో ఆగదు. అందుకే తెల్లవారకముందే వచ్చి వంతెన దగ్గర కాపు వేశాడు. వెదకవలసిన బండ్లన్నీ వెదికాడు. కోళ్ల గంపలు దింపించాడు. చర్చి బస్సు ఆపి, పాటలు పాడే ఆడవాళ్ల బట్టల సంచులు కూడా విప్పించాడు.

“వెనక్కి తిప్పు,” అన్నాడు. “మధ్యాహ్నంలోగా పూడ్చెయ్యమన్నారు షెరీఫ్ గారు.”

“కాసేపాగండి సార్. ఇంజను వేడెక్కింది.”

“నీ బండి సాకులు నా దగ్గరా?”

ఇంతలో ఒక కారు వచ్చి పక్కకు ఆగింది. నడిపే తెల్లాయన దిగి, టోపీ తీసి, తలవంచి నిలబడి, మళ్లీ ఎక్కి పోయాడు. శవం ఎదురైతే ఆగి టోపీ తియ్యడం ఆ ప్రాంతాల మర్యాద. అందులో మాత్రం నలుపూ తెలుపూ లేవు.

ఆ వెనకే అవతలి ఒడ్డు నుంచి హోయట్ చేపల బండి వచ్చింది, ఐసు నీళ్లు కారుస్తూ. హోయట్ ఒకప్పుడు స్ట్రౌడ్ తండ్రితో కలిసి వేటకు పోయిన ముసలి తెల్లాయన. తెల్లవారుజామున ఐదింటికి ఇటునుంచి పట్నానికి పోతుంటే స్ట్రౌడే చెయ్యూపి పంపాడు. ఇప్పుడూ ఊపాడు.

“అమ్ముడయ్యాయా పెద్దాయనా?”

“దించేసొచ్చా నాయనా, క్షేమంగా.”

బండి ఆగలేదు. శవాల బండిని ఒరుసుకుంటూ పోయింది. ముసలాయన టోపీ కూడా తియ్యలేదు. కుక్క చచ్చినా టోపీ తీసే మనిషి! చూపు మందగించింది పాపం, అనుకున్నాడు స్ట్రౌడ్.

“సరే సార్. మీ మాటెందుకు కాదనాలి, వెనక్కి తిప్పుతా,” అన్నాడు ఓజెల్.

స్ట్రౌడ్‌కు అనుమానం వచ్చింది. ఇప్పటిదాకా కాళ్లు పాతుకుని నిలబడ్డవాడు ఇంత మెత్తగా ఒప్పుకున్నాడేం? తల్లి ఏడవదేం? బతిమాలదేం?

“పెట్టె తెరువు.”

“తప్పు సార్. కన్నతల్లి ఎదురుగా ఉంది.”

“పెట్టెల్లో గంజాయి తోలేవాళ్లని చాలామందిని చూశాలే. తెరువ్!”

స్ట్రౌడ్ తన రొమ్ము మీది పోలీసు కెమెరా నొక్కి ఆపాడు. లమార్‌ను లాకప్పులో వేసిన రోజు కూడా అది పనిచెయ్యలేదు.

ఓజెల్ వెనక తలుపు తీసి, పెట్టె ముందుకు లాగి, గడియలు ఒక్కొక్కటే విప్పాడు. మూత లేచింది.

లోపల తెల్లని సిల్కు గుడ్డ మీద రెండు బస్తాల చిలగడదుంపలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి.

స్ట్రౌడ్ ఒక బస్తా మూతి విప్పి చూశాడు. దుంపలే. రెండోదీ అంతే.

“వాడేడీ?” అని అరిచాడు. “ఎక్కడ దాచారు? ఈ వంతెన దాటి పోలేదు వాడు! చీకటి నుంచి ఇక్కడే చస్తున్నా. ఇటు పోయిన ప్రతి బండీ నా చేత్తో వెదికా!”

పొద్దుటినుంచీ పెదవి విప్పని ఎర్నెస్టీన్ అద్దం దింపి, మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

“హోయట్ గారి చేపల బండి కూడానా, బాబూ?”