మీసాల మొక్కు

"శనివారం సాయంత్రం తిరపతికి పోదాం మే. బొమ్మల ప్రదర్శన సూసి, నాటకం సూసి, బయటే తినేసి వద్దాం," అన్నాడు రూపేష్.

ప్రశాంతి దోసె తిప్పడం మరిచిపోయింది. పెళ్ళైనప్పటి నుంచి మొగుడు ఆమెను తమ ఊరు పూతలపట్టు దాటించింది కొండకి, ఆసుపత్రికి మాత్రమే.

పైగా వారం నుంచి అతని మూతి మీద మీసం లేదు. అడిగితే కొండకి మొక్కు అన్నాడు.

"తలమీద జుట్టు అట్లనే ఉండంగా, మీసాలొకటే ఎవరు మొక్కుకుంటారు?"

"నేను మొక్కుకున్నా," అని కళ్ళు తిప్పుకున్నాడు. ఆ కళ్ళ చివర కాటుక మరక ఉంది. బీరువాలో చూస్తే ఆమె పెళ్ళిచీర లేదు.

ఎవతెకో ఇచ్చేశాడు. ఇద్దరినీ ఒక్కసారే పట్టుకోవచ్చని ప్రశాంతి వస్తానంది.

ప్రదర్శనలో రూపేష్ ఒక్క బొమ్మా సరిగ్గా చూడలేదు. నాటకానికి ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి, "ఈడే ఉండు, ఇప్పుడే వస్తా," అని వెళ్ళిపోయాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉండగానే తెర లేచింది.

వేదిక మీద తన పెళ్ళిచీర. అది కట్టుకుని, జుట్టు విరబోసుకుని నిలబడిన ద్రౌపది.

ప్రశాంతి కాలితో చెప్పు వెతుక్కుంది.

అంతలో ద్రౌపది పద్యం అందుకుంది. రోజూ పొద్దున్నే కాఫీ అడిగే గొంతు అది.

దుశ్శాసనుడు వచ్చి కొంగు పట్టుకున్నాడు.

"మెల్లింగా లాగప్పా," అంది ప్రశాంతి, హాలంతా వినిపించేలా. "సీరా నాదే, సీరలో ఉండే మనిషీ నావాడే."