ముద్ర వెయ్యండి సార్

"ఈ కాగితం నేను తీసుకోలేనమ్మా," అంటూ ప్రిన్సిపాల్ రోనాల్డ్ గారు ఫిర్యాదును రెండు వేళ్లతో మార్త వైపు నెట్టారు. ఆయన చదివింది మొదటి రెండు వాక్యాలే. మూడోది కూడా చదివితే బాధ్యత నెత్తిన పడుతుందని భయం.

మార్త దాన్ని మళ్లీ ఆయన ముందుకే జరిపింది. "అందినట్టు ముద్ర వెయ్యండి సార్. షెకీనా ఎనిమిది రోజులసంది స్కూలుకు వస్తలేదు. అదే క్లాసు ఆషర్, స్కూలు బస్సుల ఆ పిల్ల ఫోటోలు దీసి, పాడు రాతలు రాసి క్లాసు గ్రూపుల పెట్టిండు. నేను కండ్లార చూసిన."

"బస్సులో కదా జరిగింది! బస్సు కాంట్రాక్టరుది. స్కూలుకేం సంబంధం?"

"బస్సు మీద మీ స్కూలు పేరే ఉన్నది గద సార్."

రోనాల్డ్ గారు గుక్కెడు నీళ్లు తాగారు. బొల్లారం నుంచి సైనిక్‌పురి దాకా ఎందరో తల్లిదండ్రులను తియ్యటి మాటలతోనే గేటు దాటించిన మనిషి ఆయన.

"తెలిసినంక సుత స్కూలోళ్లు ఊకుంటే మీ మీదనే కేసయితదంట. వకీలును అడిగే వచ్చిన," అంది మార్త.

గ్లాసు ఖాళీ అయింది. "కేసులెందుకమ్మా? తొమ్మిదో క్లాసు పిల్లలు, ఏదో సరదాకి..."

"ఆ పిల్లకు సరదా అనిపిస్తలేదు సార్. అన్నం సుత తింటలేదంట."

"పోనీ, మీ అమ్మాయిని వేరే సెక్షన్‌కి మారుస్తాను. బస్సులో ముందు సీటు ఇప్పిస్తాను."

"సార్, జెర నేను చెప్పేది..."

"ముందు నన్ను చెప్పనివ్వండి!" ఎదుటివాళ్లు చెప్పేది వినే పీరియడ్ ఆయన టైంటేబుల్‌లో లేదు. "ఆషర్ ఎలాంటి ఇంటి పిల్లవాడో మీకు తెలీదు. వాళ్ల నాన్న ప్రతి మీటింగుకీ వస్తారు, ఎంత మర్యాదస్తుడో! పిల్లవాడు సండే స్కూల్లో వాక్యాలు గడగడా అప్పజెబుతాడు. రెండేళ్లుగా క్రిస్మస్ నాటకంలో జ్ఞాని వేషం వాడిదే."

"వేషమే గద సార్."

రోనాల్డ్ గారికి కోపం వచ్చింది, కానీ గొంతు తగ్గించారు. "సరే, ముద్ర వేశాననుకోండి. రేపు వాళ్లమ్మకు తెలుస్తుంది. కన్నతల్లి ఊరుకుంటుందా? సరాసరి ఈ గదిలోకే వచ్చి నన్ను నిలదీయదూ?"

మార్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అయినా కాగితాన్ని మరికాస్త ముందుకు జరిపింది.

"ఊకోలేకనే వచ్చిన సార్. ఆషర్ నా కొడుకు."