సున్నా వచ్చింది

"గదికి బీగం వేయల్ల. అయిపోయిందామ్మా?" అన్నాడు అటెండరు బయ్యన్న.

"ఒక్క నిమిషం అన్నా," అంది కల్పన.

బోరుబావుల్లో నీళ్లు దిగిపోయే తీరుమీద ఆమె రెండేళ్లు కష్టపడి సాధించిన సమీకరణం తప్పన్నాడు పీహెచ్‌డీ గైడు. అప్పట్నుంచీ తోటివాళ్లు పలకరించడం మానేశారు. థీసిస్ టైపు చేసే పేజీలోనే లెక్కలూ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పుడొచ్చింది. కల్పన సమీకరణం ఎడమవైపులోంచి కుడివైపుది తీసేయమని మీట నొక్కింది.

కింద సున్నా పడింది.

"అయ్యో, సున్నా వచ్చెనే!" అన్నాడు బయ్యన్న జాలిగా.

"రెండుపక్కలా సమానమైతేనే సున్నా వస్తాదన్నా. నాది తప్పు కాదు."

బయ్యన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అట్లనా! ఏం లెక్కమ్మా అది? చెప్పు, ఇంటా."

కల్పన కంప్యూటరు తెరను అతనివైపు తిప్పింది. ఇన్నాళ్లలో ఆ మాట అడిగిన మనిషి అతనొక్కడే.