ఐదు మార్కులు

మామగారి గోళ్ళు కత్తిరిస్తున్న కోడలు చటుక్కున ఆగింది. ఆయన అరచేతిలో వరసగా నాలుగు ఎర్రటి గాట్లు. పిడికిలి బిగించీ బిగించీ ఆయన గోళ్ళే దిగిన గుర్తులు.

"చూడండి సిస్టర్! పంటి బిగువున ఓర్చుకుంటున్నారు. ఆ పెద్ద మందు ఇవాళే మొదలుపెట్టండి."

నర్సు మంచం పక్కకి కుర్చీ జరుపుకుంది. వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి చూసి వెళుతుందామె. జబ్బు ఇక నయం కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఉన్నన్నాళ్ళూ నొప్పి లేకుండా చూడటమే ఆమె పని.

"డ్రాయింగు మాస్టారూ, ఇవాళ నొప్పి పదికి ఎంత? సున్నా అంటే అసలు లేనట్టు. పది అంటే ఇక అంతకు మించి ఉండదన్నట్టు."

మాస్టారు కళ్ళు మూసుకుని కాసేపు తూచి చూసుకున్నారు.

"ఐదు."

"పోయినసారీ ఐదే అన్నారు." నర్సు పుస్తకంలో రాసుకుంది. "డాక్టరుగారు చీటీ రాసిచ్చారు గానీ, ఏడు దాటితేనే వాడమన్నారమ్మా. ఐదుకి ఇప్పుడున్న మాత్రలే."

"విన్నావుగా!" గుమ్మంలో నిలబడ్డ కొడుకు అందుకున్నాడు. "ఆ మందు పడితే మత్తులో ఉండిపోతారు. ఉన్న నాలుగు రోజులైనా నాతో మాట్లాడనీ."

"అబ్బో, మాటలు! 'తిన్నారా?' 'తిన్నాను.' రోజంతటికీ మీ తండ్రీకొడుకులు మాట్లాడుకునేది అదేగా!"

"మత్తులో ముంచెయ్యం బాబూ. కొలిచే ఇస్తాం," అంది నర్సు.

"ఆయనే ఐదంటుంటే మీకెందుకంత తొందర? సగమేగా!" కొడుకు గొంతులోకి పాత చేదు ఎగదన్నింది. "ఐదుతో ఎవరూ చచ్చిపోరు. నేను బతకలేదూ? తన బళ్ళో చేర్చుకోలేదు గానీ, రోజూ ఇంట్లో కూర్చోబెట్టి బొమ్మలు గీయించేవారు. గుర్రం గీసినా పదికి ఐదే, గుడిసె గీసినా ఐదే. మెచ్చుకోలు మాట ఒక్కటి లేదు. పద్నాలుగో ఏట కుంచె విసిరికొట్టాను. ఇవాళ్టిదాకా మళ్ళీ ముట్టలేదు."

కత్తిరించిన గోళ్ళు కాగితంలోకి ఎత్తుకుంటూ కోడలు తల వంచుకుంది. కాస్త తేలికపరుద్దామని నర్సు మంచం మీదికి వంగింది.

"ఏం మాస్టారూ, కన్నకొడుక్కి ఇంకో రెండు మార్కులు ఎక్కువేస్తే మీ సొమ్మేం పోయింది?"

మాస్టారు కళ్ళు తెరిచారు.

"బళ్ళో... ముప్ఫై రెండేళ్ళు చెప్పానమ్మా," అన్నారు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "ఎంత బాగా గీసినా ఎవరికీ నాలుగు దాటలేదు. నా చెయ్యంతే. పిసినారి చెయ్యి."

నర్సు చేతిలో కలం ఆగిపోయింది. కోడలు మళ్ళీ ఆయన అరచెయ్యి తెరిచి చూసింది.

"మరి ఐదు?" అడిగింది నర్సు.

"ఇక అంతకు మించి ఉండదనిపిస్తేనే."

నర్సు పుస్తకంలో ఐదు కొట్టేసి, పక్కన పది వేసింది.

మాస్టారి చూపు మెల్లగా గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలిచింది.

"అలా ఐదు వేసింది వాడొక్కడికే."

కొడుకు బల్ల మీదున్న మందుల చీటీ తీసుకున్నాడు. కాళ్ళకి చెప్పులైనా లేకుండా, ఎర్రటి ఎండలోకి వెళ్ళిపోయాడు.